గాలి పడిపోయిన సాయంత్రం

1963 ఆషాఢం, గురువారం రాత్రి

నలభై దాటిన మోకాళ్లతో బాస్కెట్ బాల్లో ఎగిరి బంతి వేసే జంప్ షాట్ నేర్చుకుంటున్నాను. ఆదివారం ఆటలో నన్ను ఉంచేదీ తీసేసేదీ ఆ షాటే.

ఆషాఢంలో మా అనంతపురం గాలికి బంతి తూర్పుకు కొట్టుకుపోతుంది. అందుకే అందరం రింగుకు మూరెడు పడమరగా గురిపెడతాం. ఈ గాలి ఒకసారి మా మామ తలపాగాను తీసుకెళ్లి పోలీసు స్టేషన్లో పడేసింది, అదొక కథ. ఈ సాయంత్రం ఆ గాలి ఉన్నట్టుండి పడిపోయింది. కుర్రాళ్లు వెంటనే గురి మార్చుకున్నారు. ఇన్నేళ్ల నా చెయ్యి మారలేదు. ఎంత ఎగిరి వేసినా బంతి పడమరకే పోయింది.

"ఏమన్నా, గాలిక్కూడా జట్టులో చోటియ్యాల్నా?" అన్నాడు కెప్టెన్ ఖాదర్. అందరితోపాటు నేనూ నవ్వాను.

ఇంటికొస్తే మా ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "గాలి నిలబడింది సూడు, ఇంక వానొస్తాది. కంబదూర్లో మీ అన్న ఇత్తనం ఏస్తాడులే!"

నిరుడు వానలేక, విత్తనానికి దాచిన వేరుశనక్కాయలే తిని బతికారు అన్నావాళ్లు. అవునన్నాను. కానీ ఆదివారం దాకా గాలి వీయాలని దారి పొడుగునా మొక్కుకుంటూ వచ్చినవాణ్ణి నేను.

ఇప్పుడే కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. ప్రాణం లేచొచ్చింది.

అన్న గుర్తొచ్చింది ఆ తరువాతే.