రాయబారిగారికి అర్జీ

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు కారు నడిపిన మంత్రిగారిని యూరప్‌లో ఏదో దేశానికి రాయబారిగా వేశారు. సంగతి తెలిసి పక్కింటి యాదమ్మత్త పొద్దున్నే వచ్చింది. ఆమె కొడుకు మల్లేశ్ ఇంకా దుబాయి జైల్లోనే ఉన్నాడు.

"మీ సారు ఇడిపిస్తడు బిడ్డా, ఇంగ్లీషుల అర్జీ రాయి."

"ఆయన పోయేది దుబాయికి కాదత్తా."

"ఏ దేశమైతేంది? గంత పెద్ద సారు ఫోన్ కొడితే ఇనరా?"

కాదనలేక రాశాను. నువ్వుంటే సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు వెనక్కి తిరిగి ఆయన చేతిలో పెట్టేవాడివి. తన ఇంటిముందు వరసలో నిలబడి జనం ఇచ్చిన అర్జీలు ఆయన చదవరని నీకు తెలుసు. నేను శాలిబండలో పోస్టు చేసి వచ్చాను.

"జవాబెన్నొద్దులకొస్తది?" అంది అత్త.

నెల రోజులని చెప్పాను, బాపూ. ఆ మాటే అత్త మల్లేశ్ పిల్లలకు చెబుతోంది. గోడ ఇవతలికి వినిపిస్తోంది.