లేని బ్రేకు

నాన్నా, ఐదింటికల్లా బూట్లు వేసుకుని గేటు దగ్గర ఉండు. ఎర్ర ఎస్‌యూవీ తేవడానికి షోరూంకి వెళ్తున్నా. పొద్దున్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

నల్లదాని ఇంజనే బలమైందన్నావు, ఒప్పుకుంటా. కానీ నిన్న టెస్ట్ డ్రైవ్‌లో రెండూ నడుపుతూ నేను చూసింది నీ కాలినే. ముప్పయ్యేళ్లు డ్రైవింగ్ స్కూల్లో పక్క సీట్లో కూర్చుని డ్రైవింగ్ నేర్పిన కాలు కదా, ఊరుకోదు. నల్లదాంట్లో మలుపు మలుపుకీ లేని బ్రేకు తొక్కావు. ఎర్రదాంట్లో కాలు కదపకుండా కూనిరాగం తీశావు. పైగా ధర తక్కువ, మిగిలినదాంతో నాలుగేళ్ల సర్వీసు గడిచిపోతుంది. ఇంకేం ఆలోచిస్తాం?

నా డ్రైవింగ్ బాగుందని మాత్రం ఇవాళ్టికీ నీ నోట రాలేదు.

అన్నట్టు, సాయంత్రం నడిపేది నువ్వే. పక్క సీట్లో నేనుంటా. నా కాలు ఊరుకుంటుందని మాటివ్వలేను.