నలభై ఒకటో నంబరు సంచి

జూన్ 2, సోమవారం

ఇది డైరీ కాదు, ఎవరూ వాడని విజిటర్ రిజిస్టరు. పేరు, టైమ్, వచ్చిన పని అని గడులు గీసి ఉన్నాయి. పేరు రాజయ్య. టైమ్ అరవై ఆరేళ్లు. వచ్చిన పని ఇంకా తేలలేదు.

ఈ రోజు తేలిందల్లా నేను ఫోన్ల మీద గీతలు పెట్టే మనిషినని. నలభై ఒకటో టోకెన్ సంయుక్త మేడమ్ తన కొత్త ఫోన్ మీద గోరంత గీత పడిందని మెయిల్ పెట్టింది. నాకు కాదు. బిల్డింగ్ చూసుకునే ఫెసిలిటీ వాళ్లకు, వాళ్ల పైవాళ్లకు, ఆ పైవాళ్లకు.

నేను సెక్యూరిటీ గార్డును, ఏడో అంతస్తులో నా కౌంటర్. లోపల ఏదో విదేశీ బ్యాంకు పని చేస్తారు, ఫోన్ తీసుకుపోకూడదు. నా చేతికిచ్చి టోకెన్ పట్టుకుని పోతారు. నేను నంబరు చూసి చెక్క గూట్లో పెడతాను. అరవై గూళ్లు. గుడి ముందు చెప్పుల స్టాండుకూ దీనికీ ఏసీ ఒక్కటే తేడా. అక్కడ చెప్పులవాడికి మనుషులు కాస్త భయపడతారు కూడా.

సూపర్‌వైజర్ మధుకర్‌కు ఇంకా మీసం సరిగా రాలేదు. ఇంకో కంప్లయింట్ వస్తే బేస్‌మెంట్ పార్కింగ్‌కు పంపిస్తానని వేలు చూపించి చెప్పాడు. అక్కడ కుర్చీ లేదు. ర్యాంప్ మీద ఎనిమిది గంటలు నిలబడి విజిల్ ఊదాలి. నా కుడి మోకాలు ఇరవై నిమిషాలకు మించి నిలబడదు. అంటే కుర్చీ పోతే పని పోయినట్టే, పని పోతే నార్సింగిలో గది పోయినట్టే.

గీత పెట్టింది నేను కాదు. ఆ గూట్లో మేకు తల లేచి ఉంది. సుత్తి అడిగి ఆరు నెలలైంది. టికెట్ రెయిజ్ చేశామంటారు.

జూన్ 3

హౌస్‌కీపింగ్ కనకలక్ష్మి లంచ్ టైములో మనవరాలికి ఊలు టోపీ అల్లుతోంది. ఫోన్లకు తలా ఒక సంచి అల్లితే గీతలు ఎక్కడ పడతాయి? నేర్పమన్నాను. ఆమె నా చేతులు తిప్పి తిప్పి చూసింది. “ఏందన్నా, గడ్డపార పట్టే వేళ్లతోని క్రోషియా అల్లుతవా?”

నేను ఏదీ ఎవరి దగ్గరా నేర్చుకున్నవాణ్ని కాదు. నాలుగో తరగతితో బడి మానేశాక నాకు చదువు చెప్పినవి కిరాణా పొట్లాలు. చింతపండు అంటిన మేర వదిలేసి మిగతాది చదివేవాణ్ని. ఎరువుల వాడకం సగం వచ్చు. ఇంగ్లీషు సగం వచ్చు. ఒక జమీందారు హత్య కేసు కూడా సగం తెలుసు. ఎవరు చంపారో ఉన్న ముక్కలో పావుకిలో బెల్లం కట్టి ఇంకెవరికో ఇచ్చేశాడు ఆ కోమటాయన. నలభై ఏళ్లుగా నాకు వంటవాడి మీద అనుమానం.

సరే. కొక్కెం సూది ఒకటి, ఊలు ఉండ ఒకటి కొన్నాను. ఆకుపచ్చది.

జూన్ 5, మధ్యాహ్నం 2

ఇరవై కుట్లతో మొదలుపెట్టాను. పై అంచుకు చేరేసరికి పదకొండు మిగిలాయి.

జూన్ 6

వరుస చివరి కుట్టు పక్కకు ఒరిగి దాక్కుంటుందట. నేను ప్రతి వరుసలోనూ దాన్ని వదిలేసి తిరిగి వస్తున్నానట. కనకలక్ష్మి నా సంచిని ప్యాంట్రీలో అందరికీ చూపించి సమోసా అంది. తరువాత పోగు పట్టి ఒక్క లాగు లాగింది. మూడు రోజుల పని అర నిమిషంలో ఉండ చుట్టుకుపోయింది. మధుకర్‌కు ఎక్కడైనా అలాంటి పోగు వేలాడుతోందేమోనని సాయంత్రం దాకా చూశాను.

జూన్ 11

మొదటి సంచి తయారైంది. నలభై ఒకటికే. కాస్త వంకర, కానీ ఫోన్ పడుతుంది.

పిల్లలందరూ చూసి నవ్వారు. పిల్లలంటే ముప్ఫై ఏళ్లవాళ్లు. పిల్లికి స్వెటర్ అల్లుతావా తాతా అని ఒకడు అడిగాడు. సంయుక్త మేడమ్ సంచిని రెండు వేళ్లతో ఎత్తింది, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు. “నా ఫోన్ దీంట్లో పెట్టకండి అంకుల్. పాత దుప్పటి వాసన వస్తోందండి.” ఇంత మర్యాదగా మనిషిని తీసి పక్కన పడేయడం నేనెక్కడా చూడలేదు.

ఆమె తలుపు దాటగానే ఫోన్‌ను ఆ సంచిలోనే పెట్టాను. ఇక రోజూ అంతే. సాయంత్రం ఆమె వచ్చే ముందు తీసేస్తాను.

జూన్ 17

తొమ్మిది సంచులు అల్లాక రెండో మెయిల్ వచ్చింది. ఆమె ఫోన్ చార్జింగ్ ఎక్కడం లేదట. షాపువాడు సూదితో గెలికితే చార్జర్ పెట్టే చోట ఆకుపచ్చ ఊలు పోగులు వచ్చాయట. రంగును బట్టి దొంగ దొరికిపోయాడు. ఎర్రది కొనవలసింది. అరవైలో సగం మంది ఎరుపు వేసుకుని తిరుగుతారు.

మధుకర్ నన్ను ఈ పూటే ర్యాంప్ మీదికి తోసేవాడే. కానీ వాడు నిన్ననే ఆ తొమ్మిది సంచులనూ వరసగా పెట్టి ఫోటో తీసి, తన ఐడియా అని పైకి పంపుకున్నాడు. మెప్పు కూడా వచ్చింది. ఇప్పుడు సంచులు వద్దనలేడు. లోపల బట్ట వేసి కుట్టు, మూడో మెయిల్ వస్తే మాత్రం నేరుగా కిందికే అన్నాడు.

జూన్ 18

లైనింగును సంచి నోటితో కలిపి కుట్టేశాను. ఫోన్ పోవడానికి దారి లేదు.

జూన్ 23

కుదిరింది. పాత రగ్గు ముక్కలు కోసి, బట్టను తిరగేసి, సంచిలోకి దించి, అంచు చుట్టూ చేత్తో కుట్టాను. అల్లినవాటన్నిటికీ ఒక పొర. నలభై ఒకటికి రెండు పొరలు. దాని మీద గీత పడాలంటే ఇక గొడ్డలి తేవాలి.

ఒక ఇబ్బంది ఉంది. ఏ రూలు బుక్కులోనూ లేని పద్ధతి ఒకటి ఈ కౌంటర్లో నడుస్తుంది. ఒకే ఫోన్ వరసగా మూడుసార్లు మోగితే ఇంట్లో ఏదో అవసరమని లెక్క. నేను ఇంటర్‌కమ్ ఎత్తి ఆ టోకెన్‌వాళ్లను బయటికి రమ్మనాలి. నాకు ముందున్న గార్డు మొదలుపెట్టాడు. లోపలి తల్లులందరూ ఈ మూడింటి మీదే ధైర్యంగా కూర్చుంటారు. పైకి ఎవరూ ఒప్పుకోరు.

ఇదివరకు వైబ్రేషన్‌కు చెక్క గూడు దడదడలాడేది. ఇప్పుడు నిద్రపోయే పిల్లి గురక లాగా ఉంటుంది. కుర్చీ కాస్త వెనక్కి జరిపితే వినబడుతుంది. జరిపాను.

జూన్ 24, మంగళవారం, ఉదయం 9.30

ఫోన్ ఇస్తూ పక్కనున్న అమ్మాయితో సంయుక్త మేడమ్ అంది: “డెడ్ వుడ్. ఇలాంటి వాళ్లను ఇంకా ఎందుకు ఉంచుతారో.” నాకు ఇంగ్లీషు సగమే వచ్చు. ఎండు మోడు ఆ సగంలోనే ఉంది.

11.40

నలభై ఒకటి మోగుతోంది.

11.52

నాలుగోసారి.

సాయంత్రం 5

మొత్తం తొమ్మిదిసార్లు. లెక్క తప్పలేదు, ఈ మధ్య కుట్లు లెక్కపెట్టి లెక్కపెట్టి అలవాటైంది. ఇంటర్‌కమ్ నా మోచేతికి తగులుతూనే ఉంది. మూడోసారి చెయ్యి వేశాను. తీశాను. ఆరోసారి, లోన్ కావాలా అని అడిగేవాళ్లే అయి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. తొమ్మిదోసారి ఏమీ చెప్పుకోలేదు. వరుస పూర్తి చేశాను. చివరి కుట్టు వదల్లేదు.

రెండింటికి మేడమ్ భోజనానికి వచ్చి ఫోన్ తీసుకుని చూసింది. టోకెన్ నా బల్ల మీద పడేసి మెట్ల వైపు పరుగెత్తింది. లిఫ్ట్ కోసం ఆగలేదు.

జూన్ 25

ఆమెకు నాలుగేళ్ల పాప. రసజ్ఞ అట. డేకేర్లో జారుడుబల్ల మీది నుంచి పడి గడ్డం చీలింది. వాళ్లు క్లినిక్‌కు తీసుకుపోయారు. తల్లో తండ్రో వచ్చి సంతకం పెడితేగాని కుట్లు వేసేది లేదన్నారు అక్కడ. తండ్రి విమానంలో ఉన్నాడు. రెండున్నర గంటలు గడ్డానికి గుడ్డ అదిమి పట్టుకుని కూర్చోబెట్టారు. ఇదంతా కనకలక్ష్మి చెప్పింది. చెప్పి నా మొహం చూసింది. నేను ఊలు ఉండ చూశాను.

మధుకర్ వచ్చి నిలదీశాడు. “సంచి మందంగుంది సార్. చప్పుడు బయటికి రాలే” అన్నాను.

వాడు తన ఫోన్‌ను ఆ సంచిలో పెట్టి, నా ఫోన్ నుంచి రింగ్ ఇచ్చి, గూటికి చెవి ఆనించాడు. రోజంతా ఇయర్‌ఫోన్లు దూర్చుకునే చెవి. ఏమీ వినబడలేదన్నాడు. నాకు కుర్చీలోంచే వినబడింది.

ఆ క్షణం నుంచి సంచుల ఐడియా వాడిది కాదు. రాజయ్య సొంత పైత్యమని పైకి రాశాడు. సోమవారం నుంచి ర్యాంప్ అన్నాడు.

జూన్ 27

ర్యాంప్ లేదు. ఆపింది సంయుక్త మేడమ్. గార్డును ఏమీ అనవద్దని ఆమే మెయిల్ పెట్టిందట. మూడో మెయిల్.

పొద్దున్నే కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడింది. నిద్ర లేని మొహం.

“మీ తప్పేం లేదంకుల్. పోగులు పడుతున్నాయని గోల చేసింది నేనే కదండి. దాని వల్లే మందంగా కుట్టారు.”

నేను టోకెన్ తీసి బల్ల మీద పెట్టాను.

“అమ్మ ఎందుకు రాలేదని అడుగుతోంది పాప. ఫోన్ దుప్పటి కప్పుకుని పడుకుందని చెప్పాను. నమ్మేసిందండి.”

ఆమె నవ్వబోయింది, రాలేదు. ఫోన్ ఇచ్చి, సంచిలోనే పెట్టమని చెప్పి లోపలికి పోయింది.

జాలి కలుగుతుందేమోనని చూశాను. కోపం వచ్చింది. అంత చదువు చదివి, ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చదవడం రాదా? గీత నేను పెట్టకపోయినా నా మెడకు చుట్టింది. పాపను రెండున్నర గంటలు కూర్చోబెట్టింది నేనైతే మెయిల్ పెట్టి కాపాడింది. ఆమె చేసిన ఒక్క మెయిలూ సరైన మనిషికి సరైన పనికి పోలేదు.

తిట్టి ఉంటే ఈ పాటికి మరిచిపోయేవాణ్ని.

జూన్ 28

సెలవు. నలభై ఒకటి రెండో పొర విప్పేశాను. కుట్టడానికి పట్టినంత సేపు పట్టింది.

జూలై 1, మంగళవారం

ఇంటర్‌కమ్ ఎత్తి డెబ్బై రెండుసార్లు లోపలికి చెప్పాను. మూడు దాకా ఆగలేదు. ఒక్కసారి మోగినా చెప్పాను. లోన్ కాల్ అయినా చెప్పాను, కొరియర్ అయినా చెప్పాను. మీటింగుల్లోంచి లేచి వచ్చినవాళ్లు నన్ను ఏయే భాషల్లో తిట్టారో వారికే తెలియాలి. నాలుగింటికి మధుకర్ వచ్చి వైరు పీకేశాడు. రేపటి నుంచి ర్యాంప్.

నలభై ఒకటి మోగలేదు. డేకేర్ వాళ్లకు ఆమె లోపలి ల్యాండ్‌లైన్ నంబరు ఇచ్చుకుందట.