మళ్లీ వినిపించిన నీ కూత

1962, మాఘమాసం, ఆదివారం. ఎండ తేటగా ఉంది. పొద్దున మగ్గం గుంట ఊడ్చి, పడుగు సగం అతికాను.

అన్నా, ఇవాళ మన ఊరికీ నందికొండ డ్యాము క్యాంపుకూ చెడుగుడు జరిగింది. ఒకప్పుడు ఆడినందుకే నీకు జీతమిచ్చింది ఆ క్యాంపు జట్టే. నువ్వు చనిపోయాక నీ కూత ఎవరూ పట్టలేదు. పోయిన ఆటగాడి కూత ఇంటివాళ్లు ఇస్తేనే కదా పట్టాలి. వదినేమో ఆట మాటెత్తితే లేచి లోపలికి వెళ్లేది. ఇవాళ మాత్రం వచ్చి కూర్చుంది.

ఆఖరి కూత మనది. ఇద్దరిని తాకి వస్తేనే గెలుపు. కూతకు వెళ్లాల్సిన మన జట్టు మల్లేశం నేరుగా వదిన దగ్గరికి వచ్చాడు.

"వదినె, అన్న కూత నాకియ్యరాదె."

"మీ అన్న కూత ఎత్తుకుంటే నేను చాటెడు బియ్యం చెరుగుతుంటి. గంత దమ్మున్నదార నీకు?"

"లేకుంటె నువ్వే రా బరిలకు!"

అందరూ నవ్వారు. వదిన కొంగు బిగించి లేచింది. "చెడుగుడు నాడె, నాడె నాడె నాడె!" మగ్గం మీది నాడెలా పోయి రావాలని నువ్వు కట్టుకున్న కూతే. మల్లేశం అందుకుని ఉరికాడు. ఇద్దరిని తాకాడు. కాలు పట్టి లాగుతున్నా పాకి గీత ముట్టాడు. అప్పటిదాకా వదిన కూడా ఊపిరి తియ్యలేదు.

"చూసినవా, నా దమ్మే ఎక్కువున్నది!" అంది.

మిగిలిన పడుగు సంగతి రాయాలి గానీ, వదిన పొయ్యి దగ్గర మళ్లీ కూత ఎత్తుకుంది.