నిలువు నింపాను, అడ్డం వదిలేశాను

హోటల్ లాండ్రీలో మూడో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తున్న నేను, ఇరవై ఆరేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. సోమవారం నా గుండెకి ఆపరేషన్. డాక్టరు "చిన్నదేనయ్యా" అన్నాడు. ఆయనకి చిన్నదే, కోసేది ఆయన గుండె కాదు. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. ఇప్పుడు కూడా ఆస్తి పెద్దగా లేదు. ఉన్నదాని దగ్గర మాత్రం గొడవ రాకూడదు.

1. దీన్ని అమలుచేసే బాధ్యత మా మేనమామది. మావయ్యా, నువ్వు ప్రతిదానికీ "చూద్దాంలేరా" అంటావు. ఇందులో చూసేదేం లేదు, చేసేదే ఉంది.

2. నా మంచం, ఫ్యాను, బట్టల పెట్టె అమ్మకి చెందాలి. ఫ్యాను మూడు మీద పెడితే ఆగిపోతుందమ్మా, రెండు మీదే ఉంచు. నా చొక్కాలు ఎవరికీ ఇవ్వొద్దని రాద్దామనుకున్నాను. ఇచ్చెయ్. లేకపోతే వాటిని పట్టుకు కూర్చుంటావు, నాకు తెలుసు.

3. నా ఇంగ్లీషు నిఘంటువు పక్క బల్ల పెద్దాయనకి. వీలునామాలో ఏదైనా అందుకునేవాడు దానికి సాక్షి సంతకం పెట్టకూడదంటే అలిగాడు. "ఏరా దొరా, ఇవాళ ఏం కనిపెట్టావ్?" అని రోజూ అడిగింది ఆయనొక్కడే. ఇంగ్లండు పేపర్లలో వచ్చే పదకేళి గళ్లు మామూలు గళ్లలాంటివి కావు. ఆధారం పైకి చెప్పేది ఒకటి, లోపల అడిగేది ఇంకోటి. పైగా ఆ మాటలు! చార్ అంటే టీ అట. టార్ అంటే నావికుడట. ఎక్కడి నావికుడు, ఎవడి టీ? హా-హా అంటే నవ్వు కాదు, పశువులు లోపలికి రాకుండా దొరల తోట అంచున తవ్విన గుంట. ఆ తోట నేను చూడలేదు, చూడబోను. అయినా ఆ గుంటకి ఇవతల నిలబడి అవతలివైపు చూస్తున్నట్టు ఎన్నిసార్లు అనిపించిందో.

4. మా సూపర్‌వైజరుకి ఏమీ ఇవ్వడం లేదు. మర్చిపోయి కాదు, కావాలనే. కారణం నమోదు చేస్తున్నాను.

రెండో అంతస్తులో గదులు శుభ్రంచేసే అమ్మాయి, అతిథులు పారేసిన పేపర్లోంచి గళ్ల పేజీ చించి, అడ్డం ఆధారాలు తాను నింపి, మాసిన గలీబుల మూటలో కిందికి పంపేది. నేను నిలువు నింపి, ఇస్త్రీ గలీబుల దొంతరలో పైకి పంపేవాణ్ణి. ఒకరి గళ్లు ఒకరు ముట్టుకోకూడదన్నది మా నియమం. నాకు ఆమె అడ్డం గారు, ఆమెకి నేను నిలువు. సర్వీసు లిఫ్టు దగ్గర ఎదురైతే "ఏంటి నిలువూ, ఏడో నంబరు మీద పడుకుని నిద్రపోయావా?" అని ఎత్తిపొడిచేది. ఆ ఒక్క మాటతో నాకు మిగతా రోజంతా గడిచిపోయేది.

ఒకరోజు అతిథులు ఎక్కువై, సూపర్‌వైజరు నేను పేజీ దాచి పక్కన పెట్టిన, ఇంకా ఇస్త్రీ కాని దొంతర లాక్కుని, తడి ఆరకుండానే మెషీన్లో పెట్టి నొక్కేశాడు. లోపలున్న పేజీ తెల్లటి గలీబు మీద నల్లగా అచ్చయి, ఓ అతిథి తల కిందికి చేరింది. నొక్కింది ఆయన, తిట్లు తిన్నది ఆమె. అందరి ముందూ "ప్రేమలేఖలా ఇవి?" అని అరిచాడు. "చదవండి సార్, అర్థమైతే మాకూ చెప్పండి" అంది. నిలువు ఎవరో మాత్రం చెప్పలేదు. నేనే ముందుకొచ్చి చెప్పాను. "నీ సంగతి తర్వాత" అన్నాడు. ఆయన చెప్పిన ఆ "తర్వాత" ఇంకా రాలేదు. ఇస్త్రీకి మనిషి దొరకడం కష్టం, గదులకి ఎవరైనా దొరుకుతారు. అదీ ఆయన న్యాయం. మర్నాడే ఆమెని ఊరి ఆ చివర ఉన్న మా కంపెనీదే ఇంకో హోటల్‌కి తోసేశాడు.

5. ఆమె వెళ్లాక కూడా చెత్త వేరుచేసే అతను నాకు పేజీలు ఇస్తూనే ఉన్నాడు. అన్నిటిలోనూ నిలువు నింపాను. అడ్డం ముట్టుకోలేదు. నిలువు పూర్తయ్యేసరికి అడ్డం చాలావరకు దానంతటదే కనబడిపోతుంది, రాసేస్తే అయిపోతుంది. రాయలేదు. మొత్తం నా చేతిరాతే ఉన్న పేజీ నాకెందుకు? ఆ హోటల్‌కి రెండుసార్లు వెళ్లాను. వెనక గేటు కాపలావాడు "పనివాళ్లని పిలవం, పో" అన్నాడు. వాడితో తగువు పెట్టుకున్నాను, లాభం లేకపోయింది. మూడోసారి బయల్దేరితే మెట్ల దగ్గరే ఊపిరి అందలేదు. పరుపు కింద ఉన్న ఆ పేజీల మీద సర్వహక్కులూ ఆమెవే. మా వాళ్లెవరికీ వాటితో సంబంధం లేదు.

6. మనిషి పోయాకే వీలునామా అమలవుతుందని తెలుసు. పై అంశం మాత్రం నేను బతికుండగానే అమలు కావాలి. మావయ్యా, రేపు ఆదివారం మధ్యాహ్నం పని మారే వేళకి ఆ వెనక గేటు బయట నిలబడు. కాపలావాణ్ణి అడక్కు, ఆమె ఎలాగూ బయటికి వస్తుంది. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉంటుంది, నడక వేగం. పేజీలు చేతిలో పెట్టి వచ్చెయ్యకు. నేను ఏ ఆసుపత్రిలో ఉన్నానో చెప్పు. సాయంత్రం ఆరింటిదాకా లోపలికి రానిస్తారని చెప్పు. జాలితో అయితే రావద్దని చెప్పు.

కాదు, అది చెప్పకు. ఎలాగైనా సరే, రమ్మను.

ఈ నెల పద్నాలుగో తేదీ, శనివారం.

(సంతకం) మూడో ఇస్త్రీ బల్ల మనిషి

నా ఎదుటే చదువుకుని సంతకం చేసిన సాక్షులు:
1. సర్వీసు లిఫ్టు నడిపే అన్న
2. క్యాంటీన్ వంటావిడ