నాన్న జేబులోని కంటి ఫొటో

అమ్మకు,

నేను బాగున్నాను. నాన్న కూడా తాను బాగున్నాననే అంటున్నారు, ఆ మాట నమ్మలేకే ఈ ఉత్తరం. నువ్వూ, అక్కా, పసిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేద్దామంటే ఆయన నా చేతిలోంచి లాక్కుని, "అంతా భేష్, నువ్వు నెమ్మదిగా రా" అని పెట్టేస్తారు.

కంట్లో చుక్కలు వేసుకుంటున్నారా అని అడిగావు. లేదు. కన్ను నలుపుకుంటున్నారా అన్నావు. శుభ్రంగా నలుపుకుంటున్నారు, నేను చూస్తే కనుబొమ్మ గోక్కుంటున్నానంటారు. నిచ్చెన సంగతి అడగనే వద్దు, మందుల షాపు బోర్డు సగం పూర్తయింది కూడా. ఆపరేషనై రెండు నెలలు కాలేదు, నిచ్చెనేమిటి నాన్నా అంటే, "నిచ్చెన కళ్ళతో ఎక్కుతారా, కాళ్ళతో ఎక్కుతారా?" అని నన్నే నిలదీస్తారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఈ మనిషితో ముప్పై ఏళ్ళు ఎలా వేగావమ్మా? నాకు తలప్రాణం తోకకొచ్చింది.

ఆస్పత్రిలో ఇంకో గొడవ. మొన్న సోమవారం అక్షరాల చార్టు ముందు కూర్చోబెడితే చివరి వరస దాకా గడగడా చదివేశారు. నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు బోర్డులు రాసిన మనిషికి అక్షరంలో ఒక్క వంపు కనిపిస్తే చాలు, మిగతాది చెయ్యే చెప్పేస్తుంది. "చదవడం లేదండీ, ఊహిస్తున్నారు" అన్నాను డాక్టరుగారితో. "మధ్యలో నీకెందుకే?" అని కసిరారు నాన్న.

అందుకే నేను చార్టును నమ్మను, ఆస్పత్రిలో రోజూ నేను నడిపే స్కాన్ మెషీన్నే నమ్ముతాను. కిందికి చూడమని పైరెప్ప ఎత్తి పట్టుకుంటే, కంట్లో నీరు బయటికి పోవడానికి డాక్టరుగారు చేసిన సన్నటి దారి తెరమీద కనిపిస్తుంది. దారి తెరిచి ఉంటే నల్లటి సందు. మచ్చకట్టి మూసుకుపోతుంటే తెల్లటి మందం. సోమవారం తెల్లగానే వచ్చింది. కంటి ఒత్తిడి కూడా పెరిగింది. గురువారం సూదితో ఆ మచ్చ పొర విడదీద్దామనీ, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరుగారు అన్నారు. కుడికన్ను ఎప్పుడో పోయింది, ఇక మిగిలింది ఇదొక్కటే. నాన్న ససేమిరా అన్నారు. జేబులోంచి ఇదివరకు నేనిచ్చిన స్కాన్ ఫొటో తీసి బల్లమీద పెట్టి, "దారి ఇంత బాగుంటే సూదెందుకండీ?" అన్నారు.

డాక్టరుగారు ఫొటో చూసి, తర్వాత నన్ను చూశారు.

అమ్మా, ఇక దాచలేను. నువ్వు అక్క దగ్గరికి బయలుదేరే ముందు నీకూ చూపించిన ఆ ఫొటో నాన్నది కాదు. ఆయనకు ముందు స్కాన్ చేయించుకున్న బస్సు డ్రైవరుది. నాన్న కంట్లో దారి అప్పుడే సన్నబడుతోంది. డాక్టరుగారికి అసలుదే పంపాను, చుక్కలు తప్పకుండా వేయమన్నారు. కానీ బయటికొచ్చేసరికి నీ సంచి సర్ది ఉంది, అక్కకు నెలలు నిండాయి. మీ ఇద్దరి మొహాలు చూసి నిజం చెప్పలేకపోయాను. డ్రైవరు పేరున్న అంచు కత్తిరించి మరీ ఆ ఫొటో ఇచ్చాను. చుక్కలు మానేసింది, నిచ్చెనెక్కింది ఆ కాగితాన్ని నమ్ముకునే. ఇంతసేపూ ఆయన్ని తిట్టాను గానీ, తిట్టాల్సింది నన్ను.

ఆ సాయంత్రమే నాన్నకు చెప్పేశాను. ఇల్లెగిరిపోయేలా అరుస్తారనుకున్నాను. అరవలేదు. ఫొటో మడిచి నా చేతిలో పెట్టి, "ఆ డ్రైవరుకి ఇచ్చెయ్" అన్నారు. అరిచినా బాగుండేది.

గురువారం పిలవకుండానే వచ్చి సూది చేయించుకున్నారు. తర్వాత స్కానుకి మాత్రం నా గదిలోకి రాలేదు. "పక్కగదిలో ఆవిడ తీస్తుందిలే" అన్నారు. నేను ఆ గది తలుపు దగ్గరే నిలబడి తెర చూశాను. నల్లటి సందు స్పష్టంగా కనిపించింది, ఒత్తిడీ దిగింది. ఇంకొన్ని వారాలు చూడాలంటున్నారు గానీ, ప్రస్తుతానికి గండం గడిచినట్టే. నాకు ఏడుపాగలేదు. నాన్న తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూశారు. నావైపు తిరగకుండా ఆవిణ్ణి అడిగారు.

"ఇది నా కన్నేనా అమ్మా?"

"మీదేనండీ" అంది ఆవిడ.

ఆయన మళ్ళీ అడిగారు.

ఇట్లు,
నీ చిన్నకూతురు