లినక్సులో కదలని కారు

గౌరవనీయుడనైన నాకు నేనే వ్రాసుకొను ఉత్తరం. నమస్కారములు. సిగ్గువల్ల తేదీ, స్థలం వ్రాయడం లేదు.

నా కంప్యూటరును నడిపించేది న్యాయంగా, ఉచితంగా లభించిన లినక్సు అని వీధంతా చాటుకున్నాను. ఈ సాయంత్రం మా బడి పాత డ్రాయింగు మాష్టారు మునెప్ప తెచ్చిన కారు పందెం ఆట అందులో మొదలే కాలేదు.

“ఏమప్పా హెడ్మాష్ట్రూ, మీ లినక్సులో కారు నిల్చుకొనే ఉండాది! మా విండోసులో సర్రున పోతాది,” అని నవ్వి, సర్జాపుర రోడ్డు పక్కన కొన్న విండోసు దొంగ నకలు డిస్కు తీశాడు. పక్కవాడిది చూచి వ్రాసిన పిల్లలను ముప్ఫై ఏళ్ళు పరీక్షగది నుండి వెళ్ళగొట్టిన నేను, “పెట్టు” అన్నాను. ఛీ!

నాకు శిక్షగా నా అర్ధాంగి సరోజ రేపు కాఫీవేళ ఈ ఉత్తరాన్ని మునెప్ప ఎదుట బిగ్గరగా చదవాలని మనవి. ఆ దొంగ విండోసులో కారు పందెం గెలిచి నేను చప్పట్లు కొట్టిన సంగతి కూడా వదలకూడదు.